రాతి మీద తిరుగు ప్రయాణం

వలెట్టాలో, సాంతా లుచియా వీధి మెట్ల పక్క కొట్లో
డజను కాగితాలకు మూడు తారీల లెక్కన
నేను సముద్రానికి రంగు వేస్తాను.

కిటికీ దగ్గర బల్ల నాది.
ఎదురుగా అసలు సముద్రం ఉంది.
దాన్ని చూడొద్దంటాడు సిన్యోర్ లాంజోన్.
"అది గంటకో రంగు మారుస్తుంది, అస్సుంతా.
కొనేవాళ్లకి ఒకటే నీలం కావాలి."
ఆ నీలం ఆల్చిప్పలో కలిపి ఉంటుంది,
అంచుల్లో అప్పుడే పొలుసులు కడుతూ.

ఈ చలికాలమంతా ఒకటే ఓడ.
ఆరియోలా. ఇంగ్లీషు రాజుగారిది. ముప్పై ఆరు ఫిరంగులు.
లెఫ్టినెంట్ పెన్‌హాలో డెక్కు మీద కూర్చుని గీసుకున్న బొమ్మలు
పద్నాలుగు.
జిబ్రాల్టర్, మహోన్, పలెర్మో,
తర్వాత మా రేవు
(మా మేడ గోడ కూడా పడిందందులో, గోరంత),
స్మిర్నా, బేరూత్,
చివర్న అలెగ్జాండ్రియాలో ఎండకి వాడిన తెరచాపలు.
ప్రతి దాంట్లోనూ గాలి అనుకూలమే.
ప్రతి దాంట్లోనూ మబ్బులు దూరంగా ఒదిగి నిలబడ్డాయి,
దొరలు భోంచేస్తుంటే
గుమ్మం దగ్గర నౌకర్లలాగా.

మా తమ్ముడు చెన్సు ఆ ఓడ మీద ఉండేవాడు.
వంటవాడికి సాయం.
బొమ్మల్లో వంటగది లేదు.
భూతద్దం పెట్టి వెతికాను, పొగ కూడా లేదు.
రెండొందల యాభై మంది
అన్ని నెలలు ఏం తిన్నారో మరి.

ఉత్తరం ఆగస్టులోనే వచ్చింది, పాదిరీ చదివి పెట్టాడు.
జ్వరం. నాలుగు రోజులు.
గుడ్డలో చుట్టి, కాళ్ల దగ్గర రెండు గుండ్లు.
జూన్ పంతొమ్మిది అని తేదీ రాశారు.
చోటు రాయలేదు.
నీళ్లలో చోటంటే ఏమని రాస్తారు?

జనవరిలో తొమ్మిదో బొమ్మ రాయి మీద గీయడం అయింది.
ఆ రాత్రి వెనక గదిలోకి దీపం పట్టుకెళ్లాను.
ఇంకా జిగురు పూయలేదు. ముట్టుకోకూడదు.
రాయి మీద అంతా ఎడమది కుడి.
కింద అంకెల్ని చేతి అద్దంలో పట్టి చదువుకున్నాను.
పంతొమ్మిది. జూన్.
ముందున్న మాటలేమిటో మర్నాడు లాంజోన్ చెప్పాడు:
"స్మిర్నా దాటాక, ప్రశాంతమైన సాయంత్రం."

కాగితం మీద తూర్పుకి పోయే ఓడ
రాయి మీద పడమటికి తిరిగి ఉంది.
అన్ని తెరచాపలూ విప్పుకుని,
ఇంటికి.
దాని వెనక సముద్రం ఉండాల్సిన చోట
ఏమీ గీయలేదు. ఒట్టి రాయి, పచ్చగా, చల్లగా.
ఎంత చల్లగా ఉందో నాకెలా తెలుసంటే
వేలు పెట్టాను.

వేలి జిడ్డుని రాయి మర్చిపోదు.
తడి ఉన్నచోట సిరా అంటదు,
జిడ్డు ఉన్నచోట వదలదు.
ఈ పనంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.
మొదటి కాగితం ఎత్తగానే లాంజోన్ ముఖం మాడ్చాడు.
ఓడ వెనకాల, నీళ్లలో, నల్లటి మచ్చ.
"ఏమిటిది? బండా? అక్కడ బండ ఉందంటే
నావికాదళం మన కొట్టు మూయిస్తుంది."
నీలంతో కప్పమన్నాడు.
నీటిరంగు నలుపుని కప్పదు. ఆయనకీ తెలుసు.
కాసేపు గొణిగి, మచ్చకి ఒక రెక్క గీశాడు.

లెఫ్టినెంట్ వచ్చి అచ్చులు చూసుకున్నాడు.
తొమ్మిదో దాని దగ్గర ఆగాడు.
"అవును, డాల్ఫిన్," అన్నాడు,
"ఆ సాయంత్రం చాలాసేపు మా వెంటే వచ్చింది.
నేనే మర్చిపోయాను."
నేను కుంచె మొన సరిచేసుకుంటూ ఉన్నాను.

రెండొందల కాగితాలు అమ్ముడుపోయాయి.
ఉపవాసాల రోజులు మొదలవకముందే
ఆ రాయిని ఇసక పోసి అరగదీశారు,
నారింజపళ్ల వ్యాపారి చీటీలకి కావాలని.
ఓడ బురద అవడానికి ఒక పూట పట్టింది.
బాల్టీ నాకిచ్చారు, పారబొయ్యమని.
మెట్ల మీద పోశాను.
కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు నిలిచి
తర్వాత రేవు వైపు పోయింది.